లాగ్‌బుక్ కథ: ఓడ నుంచి కంప్యూటర్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు రెండుసార్లు ఫోన్ చేశారు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ కార్డుల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే సంగతి ఎంచుకున్నాను. సర్వీసులో ఉన్నంతకాలం మనందరి చేతుల్లోనూ నలిగిన వస్తువు, మనలో ఎవరూ గౌరవించని వస్తువు ఒకటుంది. అదే లాగ్‌బుక్. 2021 డిసెంబరులో పెద్ద పెద్ద ప్రభుత్వాలకు, కంపెనీలకు నిద్ర లేకుండా చేసింది కంప్యూటర్‌లో ఉండే ఈ లాగ్‌బుక్కే అంటే మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. ఆ చరిత్ర చెప్పాలంటే ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి.

1984 మార్చి. నేను ఒక 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. ఊరి పేరు ఎందుకులెండి. ఆ రాత్రి ఇన్సులేటర్ పగిలి ఒక వ్యవసాయ ఫీడర్ ట్రిప్పయింది. లైన్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి ఎల్.సి. తీసుకుని, ఒక లైన్‌మన్‌నీ హెల్పర్‌నీ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఎల్.సి. అంటే ఏమిటో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, ఈ సంచిక చదివే పిల్లల కోసం చెబుతాను. ఫలానా లైనులో కరెంటు తీసేశాము, మీరు స్తంభం ఎక్కవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే హామీ అది. తీసుకున్న మనిషే పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఫోన్‌లో తిరిగి ఇస్తే ముందుగా అనుకున్న కోడ్ నంబరు చెప్పాలి.

రాత్రి 2-40కి ఫోన్ మోగింది. "లైన్ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పమన్నారండీ, పని అయిపోయింది, మనుషులంతా దిగిపోయారు, ఛార్జ్ చేసెయ్యమన్నారు" అని ఒక గొంతు. నేను గడియారం చూసి లాగ్‌బుక్‌లో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. రాసి లేచాను. బెంచీ మీద నడుం వాల్చిన మా సీనియర్ ఆపరేటర్ గారు కళ్ళు తెరవకుండానే అడిగారు.

"ఎవరయ్యా ఫోను?"

"ఎల్.ఐ. గారి మనిషండీ. లైన్ క్లియరట."

"కోడ్ చెప్పాడా?"

"లేదండీ."

"అయితే రాసి ఊరుకో. ఎవడేం చెప్పినా రాయడం నీ డ్యూటీ. రాసిందల్లా చెయ్యడం నీ డ్యూటీ కాదు."

3-35కి ఎల్.ఐ. గారే ఫోన్ చేసి కోడ్ చెప్పారు. అప్పుడు తెలిసింది, 2-40కి లైన్‌మన్ ఇంకా క్రాస్ ఆర్మ్ మీదే ఉన్నాడని. ఫోన్ చేసినది ఎవరో రైతు. పైరు పొట్ట మీద ఉంది, మడి ఆరిపోతోంది, మోటారు తిరిగితే చాలునన్న ఆత్రంలో అన్నాడు ఆ మాట. మనిషి చచ్చిపోతాడని అతనికి తెలియదు. అతని మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు.

ఈ సంఘటనను మిత్రులు కాస్త గుర్తుపెట్టుకోండి. ఇక అసలు చరిత్రకు వస్తాను.

లాగ్ అంటే ఇంగ్లీషులో దుంగ. రికార్డు పుస్తకానికి దుంగ పేరెందుకు వచ్చిందంటే, 16వ శతాబ్దంలో ఇంగ్లీషు నావికులు ఓడ వేగం కొలవడానికి ఒక చెక్కముక్కకు తాడు కట్టి వెనకనుంచి సముద్రంలో వేసేవారు. తాటికి సమదూరంలో ముడులు ఉండేవి. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారిపోతే ఓడ వేగం అంత. నేటికీ ఓడల వేగాన్ని నాట్లలో చెప్పడం అందుకే. నాట్ అంటే ముడి. ఆ లెక్క వేసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. తర్వాత అందులో గాలి, వాన, జబ్బులు, తగాదాలు, చావులు అన్నీ ఎక్కాయి. ఓడ మునిగాక విచారణ జరిగితే మొదట అడిగేది ఆ పుస్తకాన్నే. మన సబ్‌స్టేషన్లలో గంట గంటకూ వోల్టేజీ, ఆంపియర్లు వేసిన షీట్లు దాని మనుమలే.

కంప్యూటర్లకు ఈ పుస్తకం పెట్టినవారిలో ముఖ్యుడు ఎరిక్ ఆల్మన్. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్లీ. ఆయన 1980ల మొదట్లో ఉత్తరాలు చేరవేసే సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాం రాస్తూ, అందులో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి పక్కనే సిస్‌లాగ్ అని ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నారు. ఏ ప్రోగ్రామైనా "ఫలానా సమయానికి ఫలానాది జరిగింది" అని ఒక వాక్యం పంపితే సిస్‌లాగ్ దాన్ని ఫైలులో వేస్తుంది. అంతే. అది బాగుందని అందరూ వాడుకున్నారు. ఎంతమంది వాడుకున్నా నియమావళి మాత్రం ఎవరూ రాయలేదు. ఇంటర్నెట్ వారు తీరిగ్గా 2001లో ఉన్న పద్ధతిని కాగితం మీద పెట్టారు, 2009లో దాన్ని సరిదిద్దారు. మన శాఖలో మాన్యువల్ వచ్చేసరికి ఆ పరికరం స్క్రాపులోకి పోయిన సందర్భాలు గుర్తొచ్చి ఇది చదివినప్పుడు నవ్వుకున్నాను. ఆ తొలి సిస్‌లాగ్ కబురు కార్డుముక్క లాంటిది. చేరిందో లేదో రసీదు లేదు, నిజంగా ఎవరు పంపారో ధ్రువీకరణ లేదు. కోడ్ నంబరు లేని ఫోన్ అన్నమాట.

రికార్డు విలువ ఏమిటో అదే బర్క్లీ ఊళ్ళో 1986లో తేలింది. అక్కడి లారెన్స్ బర్క్లీ లాబొరేటరీలో క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడిని కంప్యూటర్ల పనికి మార్చారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది, చూడమన్నారు. మరొకరైతే రౌండాఫ్ చేసి సంతకం పెట్టేవారు. ఆయన ఆ 75 సెంట్ల వెంటపడి పోతే, పశ్చిమ జర్మనీలోని హానోవర్ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న మనిషి దొరికాడు. లెక్క పుస్తకం పట్టించిన దొంగ.

అందుకే దొంగలకు లాగ్ అంటే పడదు. చాలాకాలం వాళ్ళ ప్రయత్నమంతా దాన్ని చెరపడం మీదే ఉండేది. దాన్నే వాకిలిగా చేసుకుని లోపలికి రావచ్చని తేలింది 1990లలో.

1994లో నన్ను కంప్యూటర్ సెక్షన్‌కు వేశారు. మూడు నెలల ట్రైనింగు, ఆపైన బిల్లింగ్ మెషీన్ల దగ్గర డ్యూటీ. అందుకే ఇక్కడినుంచి కథ కొంత నా కళ్ళముందు నడిచినదే. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అని ఒక సంస్థ ఉండేది. 1988 నవంబరులో మారిస్ వర్మ్ అనే పురుగు ఇంటర్నెట్‌ను కుదిపేశాక పెట్టిన సంస్థ. అది 1995 అక్టోబరు 19న ఒక హెచ్చరిక వెలువరించింది. విషయం సిస్‌లాగ్.

తప్పు చాలా చిన్నది. ప్రోగ్రాం పంపిన వాక్యాన్ని ఫైలులో వేసేముందు సిస్‌లాగ్ దాన్ని మెమరీలో ఒక గడిలో పేరుస్తుంది. ఆ గడికి కొలత ఉంది. వచ్చిన వాక్యం ఆ కొలతలో పడుతుందా లేదా అని మాత్రం చూడదు. రిజిస్టరులో పేరు రాసే గడిలో ఒకడు మూరెడు పేరు రాశాడనుకోండి, అది పక్క గడిలోకి, ఆ పక్క గడిలోకి పోయి, చివరికి ఆఫీసరు గారు ఉత్తర్వు రాసే గడిలో పడితే? కంప్యూటర్‌కు సిరా రంగు తెలియదు, దస్తూరీ తెలియదు. ఉత్తర్వు గడిలో ఉన్నది ఉత్తర్వే. సెండ్‌మెయిల్ ద్వారా అలాంటి పొడవాటి మాట పంపి మెషీన్‌ను స్వాధీనం చేసుకోవచ్చు. ఉత్తరాల బంట్రోతును, రిజిస్టరు గుమాస్తాను ఒకే మనిషి సృష్టించడం, ఒకడి ద్వారా వచ్చి ఇంకొకడిని పడగొట్టడం, అదొక విచిత్రం.

రెండోది 2000లో. దీన్ని చెప్పడానికి మన ఫారాలు బాగా పనికొస్తాయి. ఆఫీసులో ఫారం అచ్చువేసేటప్పుడు పేరు దగ్గర చుక్కలు, తేదీ దగ్గర చుక్కలు పెట్టి ఖాళీ విడుస్తాం. సి అనే కంప్యూటర్ భాషలో చుక్కల బదులు శాతం గుర్తు పెడతారు. ఫారం మనది, ఖాళీలో నింపే మాట వచ్చినవాడిది. ఈ రెండూ వేరుగా ఉన్నంతవరకు భయం లేదు. లినక్స్‌లో ఫైళ్ళు పంచుకునే ఏర్పాటుకు తోడుగా ఉండే ఒక ప్రోగ్రాం, బయటినుంచి వచ్చిన మాటను సిస్‌లాగ్‌కు అందించేటప్పుడు, ఖాళీలో నింపవలసినదాన్ని ఫారం స్థానంలోనే పెట్టి ఇచ్చింది. అంటే వచ్చినవాడు తన పేరు చెప్పే బదులు ఫారమే తయారుచేసి తెచ్చాడన్నమాట. అతను పెట్టిన శాతం గుర్తులను కంప్యూటర్ శిరసావహించింది. వాటిలో ఒక గుర్తుకు మెమరీలో రాయించే శక్తి కూడా ఉంది. ఆగస్టులో సెర్ట్ హెచ్చరించింది. ప్రింటర్ల వరుసను చూసే ఎల్.పి.ఆర్.ఎన్.జి. అనే మరో ప్రోగ్రాంలో కూడా సరిగ్గా లాగ్ రాసేచోటే అదే తప్పు దొరికింది. 2001 జనవరిలో రామెన్ అనే పురుగు ఈ కన్నాలలోంచే రెడ్‌హాట్ లినక్స్ మెషీన్లలోకి పాకింది. రామెన్ అంటే జపాన్ వారి నూడిల్స్. దూరిన చోటల్లా వెబ్‌సైటు మొదటి పేజీ తీసేసి, మాకు నూడిల్స్ అంటే ఇష్టమని పేజీ పెట్టేది. వచ్చిన దారిని తానే మూసేసి మరీ పోయేది! ఇంకో దొంగ రాకుండా కాబోలు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మాకు అప్పట్లో డిస్కు జాగా బంగారం. నెలాఖరు బిల్లులు నడిచే రోజుల్లో లాగ్ ఫైళ్ళు డిస్కును మింగేస్తున్నాయని నేనే వాటిని ఆపించేశాను. తర్వాత కొన్ని నెలలకు కొన్ని సర్వీసు నంబర్ల రీడింగులు ఎవరో మార్చినట్టు ఆడిట్‌లో తేలింది. ఎవరు, ఎప్పుడు, ఏ టెర్మినల్ నుంచి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒక అమాయకపు డేటా ఎంట్రీ కుర్రవాడు ఆరునెలలు అనుమానం మోశాడు. లాగ్ ఉండి ఉంటే ఒక పూటలో తేలిపోయేది. సబ్‌స్టేషన్‌లో నేర్చుకున్న పాఠం ఏ.సి. గదిలోకి వెళ్ళగానే మరిచిపోయాను.

ఇక 2021.

డిసెంబరు 10, శుక్రవారం. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కరోనా పుణ్యమా అని అప్పటికి ఇంటినుంచే పని. ఆదివారం మా బావమరిది గృహప్రవేశానికి అందరం బయలుదేరాలి. రాత్రి పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్ల తెల్లవారి నేను పాలు తేవడానికి లేచేసరికి కూడా అక్కడే ఉంది.

"ఏమైందమ్మా?"

"లాగ్‌లో హోల్ పడింది నాన్నా. మీకు చెప్పినా..." అని ఆగి, నా మొహం చూసి, "మీకు అర్థమవుతుందిలెండి. సిస్‌లాగ్ లాంటిదే" అంది.

గృహప్రవేశానికి మేమిద్దరమే వెళ్ళాం.

ఆ లాగ్ పేరు లాగ్‌ఫోర్‌జె. జావా భాషలో రాసే ప్రోగ్రాముల కోసం లాగ్ అని అర్థం. దీని మొదలు 1996లో, సెంపర్ అనే యూరోపియన్ ప్రాజెక్టులో జెకి గుల్జు అనే ఆయన, ఆయనతోపాటి వారు తమ అవసరానికి చేసుకున్న ఏర్పాటు. తర్వాత అది అపాచే ఫౌండేషన్ చేతికి వచ్చింది. అపాచే అంటే ప్రోగ్రాములు రాసి లోకానికి ఉచితంగా ఇచ్చే స్వచ్ఛంద కార్యకర్తల సంస్థ. దాన్ని రాల్ఫ్ గోయర్స్ తదితరులు మొదటినుంచి తిరగరాసి 2014 జూలైలో రెండవ లాగ్‌ఫోర్‌జె విడుదల చేశారు. బ్యాంకులు, విమాన సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు, ఆటల కంపెనీలు, జావా ఉన్న చోటల్లా చాలామటుకు ఇదే. ఉచితం కదా. తాము వాడుతున్నామని కూడా చాలామందికి తెలియదు. వాళ్ళు కొన్న ప్రోగ్రాంలో ఇంకో ప్రోగ్రాం, దానిలో మరొకటి, దాని అడుగున ఇది.

రెండవ లాగ్‌ఫోర్‌జెలో ఒక సదుపాయం పెట్టారు. రాయవలసిన వాక్యంలో డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు కనిపిస్తే వాటి మధ్య ఉన్నది ఉత్త మాట కాదు, వెతికి నింపవలసిన సమాచారం అని అర్థం. ఈ మెషీన్‌లో జావా ఏ నంబరుది వంటివి లాగ్‌లో తమంతట పడాలంటే ఇది సౌకర్యం. 2013లో దీనికి ఇంకొకటి జోడించారు. జె.ఎన్.డి.ఐ. అని జావాలో ఒక డైరెక్టరీ సేవ ఉంది. పేరు చెబితే అది ఎక్కడుందో వెతికి తెచ్చిపెడుతుంది. ఇకనుంచి లాగ్ రాసేటప్పుడు దాన్ని కూడా పిలవవచ్చునన్నారు. ఒక వాడుకరి కావాలని అడిగాడు, పనికొచ్చేదే కదా అని చేర్చారు. దురుద్దేశం ఎవరికీ లేదు.

మన ఆఫీసు గేటు దగ్గర విజిటర్స్ రిజిస్టరు ఊహించుకోండి. వచ్చినవాడు పేరు చెబుతాడు, వాచ్‌మన్ రాస్తాడు. ఒకడు వచ్చి పేరు అడిగితే, "ఫలానా వీధి ఫలానా ఇంటికెళ్ళి అక్కడ ఇచ్చే మూట తెచ్చి, మీ దొరగారి గదిలో విప్పు" అన్నాడు. మామూలు వాచ్‌మన్ అయితే వాడి మొహం చూసి గెంటేస్తాడు. లేదా తిక్కమనిషైతే అదే మాట పేరు గడిలో రాసుకుంటాడు. ఈ వాచ్‌మన్ రిజిస్టరు బల్లమీద పెట్టి, ఆ వీధికి వెళ్ళి, మూట తెచ్చి, దొరగారి గదిలో విప్పాడు. లాగ్‌ఫోర్‌జె చేసింది అచ్చంగా ఇదే. డాలర్ గుర్తు, బ్రాకెట్లు, వాటిలో జె.ఎన్.డి.ఐ. అన్న అక్షరాలు, తన చిరునామా. దొంగ ఇంతే రాయాలి. ఎక్కడ రాయాలి? ఎక్కడైనా. లాగిన్ పేరు అడిగేచోట, వెతుకుడు పెట్టెలో, ఆటలో కబుర్లు చెప్పుకునే చోట. ఏదో ఒకటి తప్పకుండా లాగ్‌లో పడుతుంది. పడేటప్పుడు లాగ్‌ఫోర్‌జె దాన్ని చదివి, దొంగ చిరునామాకు వెళ్ళి, వాడిచ్చిన ప్రోగ్రాం తెచ్చి, సర్వర్‌లో నడిపిస్తుంది. తాళం పగలగొట్టనక్కరలేదు.

1995 నాటిది గడి కొలత తప్పు. 2000 నాటిది ఫారం తారుమారు. ఆ రెండూ పొరపాట్లు. ఇది మాత్రం పొరపాటు కూడా కాదు, బుద్ధిపూర్వకంగా ఇచ్చిన అధికారం. రాసే గుమాస్తాకు వెళ్ళి తెచ్చే అధికారం ఇచ్చారు, ఎవరి మాట మీద వెళ్ళాలో చెప్పలేదు. నా అభిప్రాయంలో మూడింటిలోకీ పెద్ద తప్పు ఇదే.

2016 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో బ్లాక్ హాట్ అనే సభలో ఇద్దరు పరిశోధకులు జె.ఎన్.డి.ఐ.కి బయటివాడి మాట అందిస్తే ఎంత ప్రమాదమో వివరంగా చెప్పారు. అప్పటికే లాగ్‌ఫోర్‌జెలో అది కూర్చుని మూడేళ్ళయింది. ఈ రెండింటినీ కలిపి చూసేసరికి మరో అయిదేళ్ళు పట్టింది. 2021 నవంబరు 24న చైనాలో అలీబాబా క్లౌడ్ భద్రతా విభాగానికి చెందిన చెన్ ఝావ్‌జున్ అపాచే వారికి ఉత్తరం రాశారు. వాళ్ళు మరమ్మతు మొదలుపెట్టారు. డిసెంబరు 8న ఆయన మళ్ళీ తొందరచేస్తూ రాశారు, సంగతి అప్పుడే బయట చర్చకు వస్తోందని. 9వ తేదీకి అది లోకమంతా పాకింది. తీవ్రతకు మార్కులు వేసే పద్ధతిలో 10కి 10 పడ్డాయి. లాగ్‌ఫోర్‌షెల్ అని పేరు పెట్టారు.

పిల్లలాడుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో కబుర్ల పెట్టెలో ఒక వాక్యం కొట్టి సర్వర్లను పట్టుకోవచ్చని మొదట కనిపించింది. 12వ తేదీన కెనడాలో క్యూబెక్ ప్రభుత్వం ముందు జాగ్రత్తగా సుమారు 4,000 వెబ్‌సైట్లను మూసేసింది. ఏది ఎక్కడ వాడుతున్నామో తెలియదు కనుక అన్నీ మూసి ఒక్కొక్కటే చూసుకుంటూ తెరిచారు. మెయిన్ ఫ్యూజు పీకడం లాంటిది. నన్నడిగితే మంచి నిర్ణయం. బెల్జియం రక్షణశాఖ మాత్రం దెబ్బ తిన్నది, ఆ సంగతి 20వ తేదీన బయటికి చెప్పారు. పాత మొదటి లాగ్‌ఫోర్‌జెకు 2015లోనే సపోర్టు ఆపేశారు. అయినా దాన్ని మార్చకుండా వాడుతున్నవారికి ఈ దెబ్బ తగలలేదు, అందులో ఆ కొత్త సదుపాయం లేదు కాబట్టి. దాని జబ్బులు దానికి వేరే ఉన్నాయనుకోండి. పాతవాళ్ళం ఒకందుకు బతికిపోయాం అనుకున్నాను.

మరమ్మతు కూడా ఒక్కసారితో కాలేదు. మొదటి సవరణలో లోపం మిగిలింది. 13న రెండోది, కొద్ది రోజుల్లో మూడోది, 28న నాలుగోది. సవరణ వచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి వంటివాళ్ళు మళ్ళీ మొదటినుంచి ప్రతి మెషీన్‌కూ తిరిగారు. ఈ సవరణలు రాసినవారు ఎవరనుకున్నారు? జీతం కోసం వేరే ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు, ఆదివారాలు ఈ పని చూసుకునే కొద్దిమంది. గోయర్స్ పనికి విరాళమిస్తున్నవారు ఆనాటికి ముగ్గురే. కోట్ల డాలర్ల కంపెనీలు ఏళ్ళతరబడి ఊరికే వాడుకుని, ఆ డిసెంబరులో మాత్రం త్వరగా బాగుచేయమని ఒత్తిడి చేశాయి. క్యాజువల్ లేబర్ మీద సబ్‌స్టేషన్లు నడిపిన రోజులు చూసినవాళ్ళం, మనకిది కొత్త కాదు. 2022 జనవరి 13న అమెరికా అధ్యక్ష భవనంలో ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ల భద్రత గురించి పెద్ద కంపెనీలతో సమావేశం జరిగింది.

చెన్ గారి యజమానికి దక్కిన బహుమానం కూడా చెప్పాలి. లోపం గురించి తమకు ముందుగా తెలియజేయలేదని చైనా పరిశ్రమల మంత్రిత్వశాఖ అలీబాబా క్లౌడ్‌తో సమాచార భాగస్వామ్యాన్ని ఆరునెలలు నిలిపివేసింది. త్రూ ప్రాపర్ ఛానల్ రాలేదన్న మెమో ఏ దేశంలోనైనా ఒకటే.

అమెరికా ప్రభుత్వం వేసిన సైబర్ సమీక్షా మండలి తన మొదటి విచారణకు దీన్నే తీసుకుని 2022 జూలైలో నివేదిక ఇచ్చింది. అనుకున్నంత ఘోరం అప్పటికి జరగలేదని ఒప్పుకుంటూనే, ఈ లోపం పాత మెషీన్లలో పదేళ్ళు, ఇంకా ఎక్కువ కాలం కూడా నిలిచి ఉండవచ్చునన్నది. ఒక్క మంత్రిత్వశాఖ దీనికోసం 33,000 గంటల పని చేసిందని అందులో ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ లెక్క వేసి చూశాను. రోజుకు 8 గంటల చొప్పున 4,125 పనిదినాలు. సెలవులు పోను 17 మందికి ఏడాది పని. లాగ్‌బుక్‌లో ఒక వాక్యం రాసే పద్ధతి వల్ల!

మనదేశంలో ఈ పని చూసే సెర్ట్-ఇన్ కూడా ఆ డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. తర్వాత 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాలలో, కంప్యూటర్ నేరం ఏదైనా తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చెయ్యాలని, లాగ్‌లు 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలని ఉంది. డిస్కు నిండిందని ఆపించడానికి ఇక వీలులేదన్నమాట. ఆ ఆదేశం 1990లలో ఉండి ఉంటే ఆ డేటా ఎంట్రీ కుర్రవాడికి ఆరునెలలు మిగిలేవి.

మొదట చెప్పిన సంఘటనలో ఒక ముక్క చెప్పకుండా వదిలాను. రాసి లేచాను అన్నాను. లేవడమే కాదు, ప్యానెల్ దాకా వెళ్ళాను. సీనియర్ గారు "ఎవరయ్యా ఫోను" అన్నప్పుడు నా చెయ్యి బ్రేకర్ హ్యాండిల్ మీద ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు గనుక చూడలేదు. ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఆ రాత్రి లాగ్‌బుక్‌లో 2-40కి ఒక వాక్యం, 3-35కి ఒక వాక్యం, 3-42కి ఫీడర్ ఛార్జ్ చేసినట్టు ఒక వాక్యం ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

క్రాస్ ఆర్మ్ మీద ఉన్న లైన్‌మన్ మన సంఘ సభ్యుడే. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ దగ్గర కలిశాడు, మనుమరాలిని ఇంజనీరింగులో చేర్పించానని సంతోషంగా చెప్పాడు. ఈ సంచిక ఆయనకూ వెళుతుంది.